మౌనవ్రతంలో మిరపకాయలు

వానలు మొదలైతే ఇండోనేషియాలోని మా మలాంగ్ ఊళ్ళో బట్టలు ఆరవు, మిరపకాయలు అందవు. బట్టల సంగతి దేవుడు చూసుకుంటాడు. మిరపకాయల సంగతి చూసేది మాత్రం మా వీధి ప్రిహాందోనో గారు. కేంద్ర బ్యాంకు మలాంగ్ శాఖలో ఆయన ఉద్యోగం. వారం వారం బజారుకెళ్ళి మిరపకాయలు, ఉల్లిపాయలు, గుడ్ల ధరలు రాసుకొచ్చి జకార్తాకు పంపడమే పని. మా వీధి మాత్రం ఆయన గట్టిగా చూస్తే మా దేశపు డబ్బు రుపియా నిలబడుతుందని నమ్ముతుంది.

ఆ వారం రుపియా నిలబడలేదు. డాలరు రోజుకో మెట్టెక్కుతోంది. టీవీలో అందరూ ఒకేసారి మాట్లాడుతున్నారు. గురువారం జకార్తాలో వడ్డీ రేటు తేలుస్తారు. అంతవరకూ బ్యాంకు వాళ్ళెవరూ బయట నోరు విప్పకూడదని కట్టడి. ప్రిహాందోనో గారు మరీ జాగ్రత్తపరులు, వాన పడుతుందా అని అడిగినా బదులివ్వరు. కానీ రేటు పెరగకూడదని ఆయనంత గట్టిగా మొక్కుకున్నవాళ్ళు ఊళ్ళో లేరు. ఆయన ఇంటి అప్పుకి స్థిరమైన వడ్డీ గడువు పోయిన నెలే తీరిపోయింది. ఇక రేటు పెరిగితే వాయిదా పెరుగుతుంది. వాయిదా పెరిగితే, కారుతున్న వంటింటికి కొత్త కప్పు వేయిస్తానని భార్యకిచ్చిన మాట నీళ్ళపాలే.

మంగళవారం పొద్దున్నే భార్య ముర్వతి ఆయన్ని బజారుకి తరిమింది. చెల్లెలి కూతురి పెళ్ళికి సంబల్ కారం తనే నూరి పంపుతానని ఆవిడ మాటిచ్చింది. ఎర్ర స్కూటరు మీద రెండు బస్తాల మిరపకాయలతో ఆయన తిరిగొస్తుంటే పక్కింటి నింగ్రుమ్ గేటు దగ్గర పట్టుకుంది.

"అన్ని మిరపకాయలెందుకు బాపక్ గారూ?"

ప్రిహాందోనో గారు ఆలోచించారు. మిరపకాయలంటే ధరలు. ధరలంటే ఆఫీసు.

"క్షమించాలి ఇబు గారూ. గురువారం దాకా నేనేమీ చెప్పకూడదు."

నింగ్రుమ్ ఇంట్లోకి పోలేదు, అట్నుంచటే బజారుకి పోయింది. ఆ మధ్యాహ్నం ఆడవాళ్ళ చీటీ. పాట వచ్చినావిడ డబ్బు తీసుకుని తిన్నగా బజారుకెళ్ళింది, రానివాళ్ళు అప్పు చేసి వెళ్ళారు. నేనూ వెళ్ళాను. అందరూ పరిగెడుతుంటే ఇంట్లో కూర్చోడానికి నాకేమన్నా అర్థశాస్త్రం తెలుసా?

బుధవారం ప్రిహాందోనో గారు ధరలు రాసుకోవడానికి వెళ్తే, మిరపకాయ మూడింతలైంది. కారణమేమిటని దుకాణం ముసలమ్మ సార్పిని అడిగారు.

"బ్యాంకులో ఉండి మీకే తెలీదా నాయనా? మీ పెద్దాయనెవరో సైగ చేశాడంట. లావుపాటి మనిషంట. ఎర్ర స్కూటరంట."

ప్రిహాందోనో గారు పొట్ట లోపలికి పీల్చుకుని, స్కూటరు అక్కడే వదిలేసి, ఆఫీసుకి నడిచి వెళ్ళారు.

జకార్తా నుంచి ఫోను. దేశమంతా చల్లగా ఉంటే మీ ఊళ్ళోనే మంటలేమిటి, కారణం రాసి పంపమన్నారు. ఈయన "వదంతి" అని రాశారు. ఎవరు పుట్టించారని అడిగారు. "విచారణలో ఉంది" అని రాశారు.

ధర దించడానికి పైఅధికారి పొరుగూరి నుంచి లారీడు మిరపకాయలు తెప్పించాడు. లారీ ఎక్కి, మైకు పట్టుకుని చవగ్గా అమ్మడానికి బజారు తెలిసినవాడు కావాలన్నాడు. ఆఫీసంతా ప్రిహాందోనో గారి వైపు చూసింది.

గురువారం పొద్దున లారీ మీద ఆయన్ని చూడగానే నింగ్రుమ్‌కి విషయం అర్థమైపోయింది.

"చూశారా, ఆయనే అమ్మేసుకుంటున్నాడు. ఇక ధర పడిపోతుంది."

గంట తిరక్కుండా వీధి వీధంతా బస్తాలతో రోడ్డెక్కింది. మధ్యాహ్నానికి కొత్తిమీర కొన్నవాళ్ళకి మిరపకాయలు కొసరు వేస్తున్నారు. పడిపోయిన ధరని ప్రిహాందోనో గారు పండగలా రాసి జకార్తాకు పంపారు. ధరలు దిగాక ఇక రేటు పెంచడానికి కారణమే లేదని ఆయన లెక్క.

రెండు గంటలకి టీవీలో చెప్పారు. డాలరు దూకుడు ఆపడానికి వడ్డీ రేటు పెంచారట. మిరపకాయల ఊసే ఎవరూ ఎత్తలేదు.

సాయంత్రం వంటింట్లో గిన్నెల్లోకి చినుకులు టపటపా రాలుతున్నాయి. ముర్వతి గరిటె కింద పెట్టింది.

"గురువారం వచ్చేసిందిగా, ఇప్పుడు నోరు విప్పచ్చు. చెప్పండి, కప్పు ఎప్పుడు?"

ప్రిహాందోనో గారు మళ్ళీ మౌనవ్రతం పట్టారు.

నిన్న పొద్దున ఆయన నాలుగు అట్టల గుడ్లు తెచ్చుకుంటూ కనిపించారు. ఎందుకని అడిగితే అటూ ఇటూ చూసి, తల వంచుకుని లోపలికి పోయారు. మా ఇంట్లో ఇంకా ఓ బస్తా మిరపకాయలు కుళ్ళుతున్నాయి. గుడ్లు కొనమంటారా, ఆగమంటారా? ఎవరైనా కాస్త చెప్పి పుణ్యం కట్టుకోండి, బజారు ఐదింటికి మూసేస్తారు.