తేలు బండికి ఆయిల్ ఫిల్టర్

లోకంలో ప్రతి ఇంజన్‌కూ ఆయిల్ ఫిల్టర్ ఉండితీరాలి! ఇంజన్ బాగుకోసం కాదండోయ్, బండి యజమాని ప్రశాంతంగా బతకడానికి! అనుభవం మీద చెబుతున్నాను. నమ్మకపోతే పోర్ట్ బ్లెయిర్‌లోని లంబాలైన్ నుంచి సముద్రపు ఒడ్డునున్న వండూర్ దాకా నా లారీలో ఒకసారి వచ్చి చూడండి. చోటుకేం కొరత లేదు.

నాది పాత మిలిటరీ లారీ. యుద్ధం ముగిసింది, దేశానికి స్వాతంత్ర్యం వచ్చింది. ఆ సంగతి దానికి మాత్రం ఇంకా ఎవరూ చెప్పలేదు. గేరు మార్చినప్పుడల్లా ఫిరంగిలా మోగుతుంది. వేలంలో దాన్ని కొని ఇంటికి తెచ్చిన రోజున మా ఆవిడ చుట్టూ ఒకసారి తిరిగి చూసి, "దీని వయసెంతో కనుక్కున్నారా? మనకన్నా పెద్దదైతే దణ్ణం పెడదాం," అంది. ఆవిడ పోయాక ఇల్లు చల్లబడిపోయింది. లారీ మాత్రం వేడెక్కుతూనే వచ్చింది.

దాని కడుపులో నూనె తారులా చిక్కబడి, ఎత్తు కనబడితే చాలు, ఇంజన్ ఆగిపోయేది. అప్పుడేమయ్యేది? చేపల గంపలతో వండూర్‌లో ఎక్కి పోర్ట్ బ్లెయిర్ బజారుకు వెళ్లే ఆడవాళ్లంతా దిగి, రోడ్డు పక్కన కూచుని, చుట్టలు ముట్టించి, నన్నూ, నా బండినీ, దాన్ని కొన్న నా తెలివినీ వరసగా ఉతికి ఆరేసేవారు. వాళ్ల నాయకురాలు నూకరత్నం అయితే చద్దన్నం పొట్లం విప్పి, ఇంత ముద్దా ఎండుచేప ముక్కా నా చేతిలో పెట్టి మరీ తిట్టేది. చివరికి ఒకనాడు తేల్చి చెప్పేసింది.

"ఇదిగో బావూ, ఇంకోపాలి ఈ బండి ఆగిందా, మా సేపలు కుళ్లిపోకముందే ఆ జీపు భయ్యా బండెక్కీసి ఎలిపోతాం. నీ బండిని నువ్వే మోసుకో!"

అంత మాటన్నాక చదువుకున్నవాడు ఊరుకుంటాడా? కలకత్తా ఓడలో ఫిల్టర్ సెట్టు తెప్పించాను. ఒక ఇనపడబ్బా, రెండు రబ్బరు గొట్టాలు. నా లారీ కోసం చేసింది కాదు. అసలు ఏ లారీ కోసం చేశారో చేసినవాళ్లకైనా తెలుసో లేదో! ఇంజన్ నూనె ఒక గొట్టంలోంచి డబ్బాలోకి వెళ్లి, మడ్డి అక్కడ వదిలేసి, రెండో గొట్టంలోంచి శుభ్రంగా తిరిగొస్తుంది. మనుషులక్కూడా ఇలాంటిదొకటి ఉంటే ఎంత బాగుండును!

బిగించినవాడు మెకానిక్ గవరయ్య. ఈ దీవుల్లోనే పుట్టిన తెలుగువాడు. ఇంట్లో తెలుగు మాట్లాడతాడు. బానెట్ కింద తల పెట్టాడంటే హిందీయే! ఆ ఉదయం వండూర్‌లో ఆడవాళ్లందరూ గంపలతో సహా ఎక్కి కూచున్నారు. నేను ఇంజన్ స్టార్టు చేశాను. గవరయ్య డబ్బా మూత కాస్త వదులు చేసి, నూనె చేరిందో లేదో చూసి, ఆనందం పట్టలేక కేకపెట్టాడు.

"అందర్ తేల్ ఆ గయా! దేఖో, ఔర్ తేల్ ఆ రహా హై!"

హిందీలో అందర్ అంటే లోపల, తేల్ అంటే నూనె. మరి మనకో? మొన్నటి ఓడలో శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి దిగిన అచ్చమ్మకు తెలిసిన భాష మనదొక్కటే.

"ఓలమ్మో, తేలంట! అందర్నీ కుట్టేస్తందంట!"

గంప వదిలేసి దూకింది. ఆమెను చూసి పక్కామె దూకింది. ఆ తరవాత హిందీలో బేరమాడేవాళ్లూ, హిందీలో పోట్లాడేవాళ్లూ, హిందీ సినిమా చూసి ఏడ్చేవాళ్లూ కూడా దూకారు! ముందు దూకి, గాలిలో ఉండగా అర్థం తెలుసుకున్నారు. గంపలు బోర్లాపడి చేపలన్నీ బురదపాలయ్యాయి.

సరిగ్గా ఇక్కడే నా కాలేజీ చదువు అక్కరకొచ్చింది. బానెట్ మీద చెయ్యి ఆనించి, గొంతు సవరించుకుని, హిందీ తేల్‌కూ తెలుగు తేలుకూ గల భేదం వివరించాను. తేలడమనే క్రియ కూడా మనకున్నదనీ, నూనె నీటిమీద తేలుతుంది గనక రెండు భాషలూ ఎక్కడో కలిసే అవకాశం లేకపోలేదనీ సోదాహరణంగా చెప్పాను.

"బావూ, సదువు తరవాత సెప్పుదువు గానీ, ముందు సేపలెత్తు," అంది నూకరత్నం, బురదలో వంగి.

విభక్తుల దాకా వచ్చినవాడు మధ్యలో ఎలా ఆపుతాడండీ? ఉపన్యాసం ముగిసేసరికి జీపు వచ్చి వాళ్లను ఎక్కించుకుపోయింది.

ఆనాటి నుంచి నా సుఖమే సుఖం! లారీకి తేలు బండి అని పేరు స్థిరపడింది. ఫిల్టర్ భేషుగ్గా పనిచేస్తోంది. నూనె తేనెరంగులో ఉంది. బండి ఎక్కడా ఆగదు. వండూర్‌లో కడుతున్న బడికి ఇటుకలు తోలుతున్నాను. ఇటుకలంత మర్యాదస్తులను నేనెక్కడా చూడలేదు! చుట్ట కాల్చవు. నవ్వవు. ఎండుచేప తినమని బలవంతపెట్టవు. సాయంత్రం వేళకు ఇల్లు చేరుతున్నాను. వేళకు చేరితే ఎంత లాభమనుకున్నారు? తాళం తీసి, దీపం వెలిగించి, ఇంత ఆలస్యమేమని అడిగేవాళ్లు లేరన్న సంగతిని తీరిగ్గా గమనించవచ్చు.

ఇంత ప్రశాంతతకు ఇవాళ భంగం కలిగింది. ఇటుకలతో వెళ్తుంటే బజారు నుంచి తిరిగొస్తున్న నూకరత్నం రోడ్డుమీద చెయ్యెత్తింది. ఖాళీ గంప ఇటుకల మీదికి విసిరేసి, నా పక్క సీట్లోకి ఎక్కింది.

"ఏటి బావూ, మేం ఎదురొచ్చినా నోరిప్పకండా ఎలిపోతన్నావు? నిజింగానే తేలు కుట్టీసిందేటో సూద్దారని ఎక్కినాను."

కుట్టలేదని మనవి చేశాను.

"మరయితే రేపు అందరం ఎక్కుతాం. ఆ జీపోడు నవ్వనివ్వడు, తిట్టనివ్వడు. అచ్చమ్మ గంప మాత్రం నువ్వే ఎత్తాల."

"ఎత్తుతాను," అన్నాను. దానిమీద ఉపన్యాసమేమీ ఇవ్వలేదు.

ఆమె చుట్ట ముట్టించి, నా డ్రైవింగుతో మొదలుపెట్టి తిట్లు అందుకుంది. ముందు పెద్ద ఎత్తు. శుభ్రమైన నూనె తాగిన ఇంజన్ పరిగెడతాను మొర్రో అంటోంది. కానీ పాఠకులారా, కొత్త ఫిల్టర్‌ను తొందరపెట్టడం భావ్యమా? వండూర్ దాకా రెండో గేరు దాటలేదు.