కౌంటీలోకెల్లా ఎత్తైన చోటు

బొగ్గుకు పుట్టినిల్లయిన తమ కౌంటీ భౌగోళిక స్వరూపం, పూర్వ చరిత్ర గురించి కౌంటీ ఛైర్మన్ లోనీ స్టిడమ్ గారు స్వయంగా గ్రంథం రచించారని, గనిగేటు దగ్గర ఆవిష్కరణ అని ఆ ఆదివారం కెంటకీ రేడియో ఉదయం నుంచి ఊదరగొట్టింది. డెల్సీ ఫ్యూగేట్ కూడా ఆ గేటు దగ్గరకే వచ్చింది, గ్రంథం కోసం కాదు. ఏటా మే నెలలో అందరూ కొండెక్కి, తమవాళ్ల సమాధులు శుభ్రం చేసి, పూలు పెట్టి, అక్కడే కూర్చుని వేయించిన చికెన్ తినే రోజది. తొమ్మిదేళ్ల క్రితం పోయిన ఆమె భర్త ఆర్లో ఆ కొండమీదే ఉన్నాడు.

ఈ ఏడు కొండే లేదు. బొగ్గు కంపెనీవారు చట్టమంటే ప్రాణం పెట్టే మనుషులు. సమాధుల చుట్టూ వందడుగులు లెక్కగా వదిలి, తక్కిన కొండనంతా తవ్వి పట్టుకుపోయారు. నాలుగు వైపులా నిట్టనిలువు గోడలు, నెత్తిన శ్మశానం మిగిలాయి.

"పెద్దమ్మా, అదృష్టమంటే మా ఆర్లో పెదనాన్నదే! పదకొండో పేజీ చూడు. కౌంటీలోకెల్లా ఎత్తైన చోటు ఇప్పుడు ఆయనదే" అన్నారు ఛైర్మన్ గారు.

"ఎత్తు సంగతి సరే నాయనా, ఎక్కేదెట్లా?"

"ఎక్కే శ్రమ నీకెందుకు? బైనాక్యులర్ పెట్టించాంగా!"

డెల్సీ కళ్లు ఆనించి చూసింది. ఆర్లో రాయి సగం గడ్డిలో మునిగిపోయింది. పక్కనే తన పేరు, పుట్టిన తేదీ కూడా ముందే చెక్కి ఉన్నాయి. ఆమెకు దుఃఖం ఆగలేదు.

"నా చోటు కూడా అక్కడేరా. రేపు నన్నెట్లా మోసుకెళ్తారు?"

"రెండో ముద్రణలో తప్పకుండా ప్రస్తావిస్తాం."

"నాలుగు మెట్లు వేయించరాదూ?"

ఛైర్మన్ గారు గంభీరంగా తలాడించారు. "రూల్ ఒప్పుకోదు పెద్దమ్మా. ఓటర్లున్న చోటికే దారి. అక్కడ ఒక్క ఓటరైనా ఉన్నాడా?"

కౌంటీ ఆఫీసులో కొత్తగా చేరిన గుమాస్తా వర్జిల్‌కు నిజాయితీ జబ్బుంది. వెంటనే ఓటర్ల జాబితా తిరగేశాడు.

"పదకొండు మంది ఉన్నారండీ. అందరిదీ ఫ్యూగేట్ కొండ చిరునామానే. మొన్న నవంబర్లో అందరూ స్వయంగా వచ్చి ఓటేశారు. మొదటి సంతకం ఆర్లో ఫ్యూగేట్‌ది."

ఛైర్మన్ గారు తమ గ్రంథాన్ని దీక్షగా చదువుకోసాగారు.

డెల్సీ కళ్లు తుడుచుకుని పూలబుట్ట చంకనెత్తుకుంది.

"నవంబర్లో మా ఆయన్ని ఏ దారిన దింపారో అది చూపించు నాయనా. నేను ఆ దారినే ఎక్కుతా."