మూడు భాగాలూ నాకే కావాలి

జగ్గయ్యపేటలో తెలుగు పండితుడిగా పనిచేస్తున్న ఉమాకాంతం ఆ ఆదివారం పొద్దున్నే లేచి, నడుం పట్టేసిందని ప్రకటించాడు. నిజానికి ఆ నొప్పిని ఆయన బుధవారం నుంచే ముస్తాబు చేస్తున్నాడు. బుధవారం కాస్త వంగి నడిచాడు. గురువారం కూర్చునేటప్పుడు "అబ్బా" అన్నాడు. శుక్రవారం నీళ్ళ బిందె ఎత్తబోయి మధ్యలో బొమ్మలా ఆగిపోయాడు. శనివారం రాత్రికి నొప్పుల నూనె వాసన ఇల్లంతా పరిచేశాడు. ఇంత పకడ్బందీగా ఆయన ఏనాడూ పాఠం కూడా చెప్పలేదు.

"మా చెల్లెలి గృహప్రవేశానికి మీరు రాకపోతే ఏం బాగుంటుందండీ?" అంది భార్య వసుమతి, కంచికచర్ల ప్రయాణానికి సంచీ సర్దుకుంటూ.

"వచ్చి అక్కడ అందరి ముందూ మూలుగుతూ కూర్చుంటే బాగుంటుందా? నువ్వెళ్ళిరా. నేనిలా గోడవైపు తిరిగి పడుకుంటా."

అసలు సంగతి వేరు. ఇరవై ఒక్క ఏళ్ళ కిందట, పద్దెనిమిదేళ్ళ వయసులో ఉమాకాంతం విజయవాడలో ఒక ఇంగ్లీషు సినిమా చూశాడు. దాని పేరుకి తెలుగు 'తోకచుక్క మనుషులు'. చివర్లో సముద్రంలో పడ్డ తోకచుక్కకి రాతి తలుపు తెరుచుకుంటుంది. లోపలినుంచి ఒక చెయ్యి బయటికొస్తుంది. అంతే, హాల్లో లైట్లు వెలిగాయి. ఆ చెయ్యి ఎవరిదో రెండో భాగంలో చూపిస్తారన్నారు. రెండో భాగం వచ్చింది, మూడూ వచ్చింది, నాలుగూ వచ్చింది. ఏదీ ఈ వైపుకి మాత్రం రాలేదు. ఉద్యోగం వచ్చింది, పెళ్ళయింది, జుట్టు పలచబడింది, ఆ చెయ్యి మాత్రం ఆయన మనసులో అలాగే గాల్లో ఆగిపోయి ఉంది. మొన్న బుధవారం నందిగామ బస్టాండు పక్కన సీడీలు అద్దెకిచ్చే స్తెఫను షాపులో చూస్తే, మిగిలిన మూడూ తెలుగులో డబ్బింగై అట్టపెట్టెల్లో కూర్చుని ఉన్నాయి! రెండోదాని పెట్టె ఖాళీదేననీ, సీడీ అద్దెకి వెళ్ళిందనీ, ఆదివారం మూడూ కలిపి పంపిస్తాననీ స్తెఫను మాటిచ్చాడు. ఆదివారం అనగానే ఉమాకాంతం నడుం అక్కడికక్కడే పట్టేసింది.

ఆయనకి ఇంకో అలవాటు ఉంది. నోట ఇంగ్లీషు ముక్క రానివ్వడు. బస్సు, ఫోను, రిజిస్టరు లాంటివాటిని తప్పనిసరై క్షమించాడుగాని, 'పార్ట్ టూ' అన్న పిల్లాణ్ణి బెంచీ ఎక్కించి 'రెండో భాగం' అని వందసార్లు చెప్పించిన మనిషి. ఆ రోజు జరిగినదానికంతటికీ ఈ భాషాభిమానమే మూలం.

ఆరున్నరకి, పాలకని చెప్పి, నడుం మీద చెయ్యేసుకుని వీధి మలుపు దాటాడు. దాటగానే చెయ్యి తీసేసి, పరుగులాంటి నడకతో శాంతయ్య ఎస్టీడీ బూత్‌లో దూరాడు. లైను గరగరమంటోంది. ఉమాకాంతం క్లాసులో వెనక బెంచీకి వినిపించే గొంతు తీశాడు.

"స్తెఫనూ! నేను, ఉమాకాంతాన్ని! నా భాగం సంగతి ఏం చేశావ్?... ఒక్క భాగం ఇస్తే ఊరుకోను! మూడు భాగాలూ నాకే కావాలి, ఇవ్వాళే కావాలి!... మొదటి భాగమా? అది ఇరవై ఏళ్ళ కిందే అయిపోయిందిలే!... ఇన్నేళ్ళు ఓపిక పట్టా, ఇంక నా వల్ల కాదు!... ఆఁ, ఇంట్లో తెలియదు. మా ఆవిడ అటు బస్సెక్కగానే ఇటు మొదలెట్టేస్తా!"

అద్దాల తలుపు బయట శాంతయ్య బిల్లు చింపడం మర్చిపోయి నిలబడిపోయాడు. మాస్టారి అన్నగారు రామకోటేశ్వరరావు నందిగామలో పెద్ద హోల్‌సేల్ కిరాణా వ్యాపారి. తండ్రి పోయాక కొట్టూ గోడౌనూ ఇల్లూ ఆయనే చూసుకుంటున్నారు. ఇప్పటికీ ఆస్తి పంపకాలు కాలేదు. ఫోను నందిగామకే వెళ్ళింది. నందిగామలో అన్నగారూ ఉన్నారు, కోర్టూ ఉంది. ఇంక అనుమానం దేనికి?

శాంతయ్య చెడ్డవాడు కాదు. ఎవరికీ చెప్పకూడదనే అనుకున్నాడు. ఆ సమయానికి ఉమాకాంతానికి పిన్ని వరసయ్యే రాఘవమ్మ కూతురికి ఫోను చేసుకోవడానికి రాకపోతే ఆ మాట మీద నిలబడేవాడే.

"పిన్నిగారూ, మీరెవరితోనూ అనకండి" అని మొదలుపెట్టాడు.

రాఘవమ్మ అనలేదు, గంటన్నరసేపు. ఎనిమిదింటి బస్సులో పక్క సీట్లో వసుమతి వచ్చి కూర్చునేదాకా.

"నడుం ఎలా ఉందే మీ ఆయనకి?"

"ఏం చెప్పను పిన్నిగారూ, గోడవైపు తిరిగి పడుకున్నారు."

"నడుం నొప్పి కాదే పిచ్చిదానా, అది భాగాల నొప్పి. మూడు భాగాలూ తనకే కావాలంట. అన్నకి చిల్లిగవ్వ దక్కనివ్వడంట. నువ్వు బస్సెక్కగానే మొదలెడతానని ఫోన్లో కేకలు!"

వసుమతికి బస్సు ఆగిపోయినట్టనిపించింది గాని అది పోతూనే ఉంది. నెలనెలా ఇంటికి బియ్యమూ పప్పూ పంపే బావగారు. తమ్ముణ్ణి చదివించి, పండితుడి ట్రైనింగు చేయించిన బావగారు. పెళ్ళైన పద్దెనిమిదేళ్ళలో తనని "అమ్మా వసుమతీ" అని తప్ప పిలవని మనిషి. ఆయనతోనా పేచీ! నందిగామ రాగానే కంచికచర్ల టిక్కెట్టు చేతిలో ఉండగానే దిగిపోయింది. విజయవాడ దాకా టిక్కెట్టు తీసుకున్న రాఘవమ్మ, సాక్ష్యం ఉండొద్దా అంటూ తనూ దిగిపోయింది.

కొట్టు మెట్ల మీద వసుమతి ఏడుస్తూ చెప్పిందంతా రామకోటేశ్వరరావు నిలబడే విన్నాడు. అరవలేదు. లోపలికెళ్ళి, బీరువాలోంచి తండ్రినాటి కాగితాల సంచీ తీసి చంకన పెట్టుకున్నాడు. పక్కింటి వకీలు భవానీప్రసాద్‌ని పిలిస్తే, సగం గడ్డం గీసుకున్న మనిషి మిగతా సగం నురగ తుడుచుకుని అలాగే వచ్చాడు. అంబాసిడర్ కారు మాట్లాడారు. ఊరు దాటుతుండగా కారాపించి, రామకోటేశ్వరరావు రెండు డజన్ల రసాలు కొన్నాడు.

"పంపకాలకి వెళ్తూ మామిడిపళ్ళేంటండీ?" అన్నాడు వకీలు.

"తమ్ముడింటికి ఎప్పుడూ ఖాళీ చేతుల్తో వెళ్ళలేదండీ" అన్నాడాయన.

ఈలోపు ఉమాకాంతం స్వర్గంలో ఉన్నాడు. బస్సు డ్రైవరు చేత స్తెఫను పంపిన సీడీలు ఎనిమిదిన్నరకి అందాయి. సినిమా హాలులా చీకటి ఉండాలని కిటికీలకి దుప్పట్లు కట్టాడు. మే నెల ఎండకి గది ఆవిరి కుడుములా ఉడుకుతోంది. భుజాన తడి తువ్వాలు, ఒళ్ళో జంతికల డబ్బా, ఎదురుగా రెండో భాగం. ఆ చెయ్యి తోకచుక్క రాజుగారి చిన్నకొడుకుదని తేలిపోయింది. ఇప్పుడు వాడు అన్నగారి సింహాసనం ముందు నిలబడి ఉన్నాడు. ఉమాకాంతం టీవీ గొంతు బాగా పెంచాడు.

సరిగ్గా అప్పుడే బయట రామకోటేశ్వరరావు తలుపు కొట్టడానికి చెయ్యెత్తాడు.

"అగ్రజా!" అని లోపలినుంచి ఉరుములాంటి గొంతు వినిపించింది. "తండ్రిగారు వదిలి వెళ్ళిన ఈ గ్రహంలో సగభాగం నాది!"

"గృహంలో సగం అంటున్నాడు" అంది రాఘవమ్మ నెమ్మదిగా.

"తమ్ముడా! నిన్ను పెంచి పెద్దచేసింది నేను!"

"పెంచావా? బానిసను చేశావు! నా భాగం నాకివ్వకపోతే నిన్ను భస్మం చేస్తాను!"

"ఇది బెదిరింపు కింద వస్తుంది" అన్నాడు భవానీప్రసాద్. "క్రిమినల్ కేసు కూడా వెయ్యొచ్చు."

"ఎవరో గట్టి మనుషుల్నే పెట్టుకుని తర్ఫీదవుతున్నాడు" అంది రాఘవమ్మ.

రామకోటేశ్వరరావు ఎత్తిన చెయ్యి గాల్లోనే ఉంది. వసుమతే దబదబా తలుపు బాదింది.

లోపల టీవీ ఆగింది. జంతికల డబ్బా మంచం కిందకి దొర్లిన చప్పుడైంది. తలుపు తెరుచుకుంది. నడుం మీద చెయ్యి, మొహం మీద చెమట, పెదవి మీద జంతిక ముక్కతో ఉమాకాంతం. ఎదురుగా కళ్ళెర్రబడ్డ భార్య, సంచీతో అన్నయ్య, ఒకవైపే గడ్డం ఉన్న వకీలు, చూడ్డానికి అనువైన చోటు వెతుక్కుంటున్న రాఘవమ్మ.

"నీకు భాగాలు కావాలని ఫోన్ చేశావంట" అన్నాడు అన్నయ్య.

"తెలిసిపోయిందా?" అన్నాడు ఉమాకాంతం.

"దాచాలనుకున్నావా?"

"తప్పే అన్నయ్యా. ఇంట్లో చెప్పాల్సింది. కానీ ఇప్పుడేం చేస్తాం, రెండో భాగం అప్పుడే సగం అయిపోయింది."

"సగం అయిపోయిందా!" వకీలు ముందుకొచ్చాడు. "సంతకాలు కూడా అయ్యాయా?"

"సంతకం లేకపోతే స్తెఫను ఇవ్వడండీ. బుధవారమే రిజిస్టర్లో పెట్టొచ్చా."

"రిజిస్టరు కూడా అయిందంటండీ!" అని భవానీప్రసాద్ గుమ్మం మీదే చతికిలబడ్డాడు.

"ఎవర్రా ఆ స్తెఫను? మన భాగాలు వాడి దగ్గరెందుకున్నాయి?" అన్నాడు రామకోటేశ్వరరావు.

"అందరివీ అతని దగ్గరే ఉంటాయి అన్నయ్యా. ఎవరడిగినా రోజు అద్దెకిస్తాడు."

"మావగారి ఆస్తి రోజు అద్దెకా!" అని వసుమతి గొల్లుమంది.

రామకోటేశ్వరరావు ఇంక ఆగలేకపోయాడు. సంచీ తమ్ముడి చేతుల్లో పెట్టేశాడు. "ఉమా, నాన్న పోయినరోజున నీకు కొట్టు గొడవలెందుకులే అని నేనే నెత్తినేసుకున్నా. నువ్వడగలేదు, నేను లెక్క చెప్పలేదు. అది నా తప్పే. కొట్టు తీసుకో, గోడౌను తీసుకో, ఇల్లు తీసుకో. మూడూ తీసుకో. కానీ మూడోవాడితో అడిగించకు. నువ్వడిగితే నేను కాదంటానా?"

ఉమాకాంతం సంచీలోకి చూశాడు. తండ్రి సంతకం ఉన్న కాగితాలు. అన్నయ్య మొహంలోకి చూశాడు. కళ్ళలో నీళ్ళు. ఒక్కసారిగా అంతా అర్థమైంది.

"అన్నయ్యా... ఆ భాగాలు కావు" అని, నడుం సంగతి మర్చిపోయి లేడిలా లోపలికి గెంతి, మూడు సీడీ పెట్టెలూ తెచ్చి అరచేతుల్లో పట్టుకుని నిలబడ్డాడు. భవానీప్రసాద్ ఒకటి తీసుకుని, కోర్టులో చదివినట్టు గట్టిగా చదివాడు. "తోకచుక్క మనుషులు. రెండవ భాగం. తెలుగు మాటలతో."

"అంటే సినిమానా?" అంది రాఘవమ్మ, నమ్మినవాళ్ళు మోసం చేసినట్టు.

"నడుం?" అంది వసుమతి. ఒక్క మాటే. ఉమాకాంతం ఆ మాటకి మళ్ళీ వంగబోయాడు గాని, ఇంక లాభం లేదని నిటారుగా నిలబడ్డాడు.

అందరూ ఇప్పుడు రామకోటేశ్వరరావు నవ్వుతాడని చూశారు. ఆయన నవ్వలేదు. కళ్ళజోడు పెట్టుకున్నాడు. పెట్టె అటూ ఇటూ తిప్పాడు. మెడ దగ్గర మొదలైన ఎరుపు చెవులదాకా పాకింది.

"దొంగ వెధవా! ఆ సినిమాకి నిన్ను విజయవాడ తీసుకెళ్ళింది ఎవర్రా? జీలకర్ర బేరానికని నాన్నతో అబద్ధమాడింది ఎవరు? నీకు ఇంగ్లీషు రాదని మూడు గంటలు చెవిలో కథంతా చెప్పింది ఎవరు? జేబులో టిక్కెట్లు దొరికితే, తమ్ముడికేం తెలియదని దెబ్బలన్నీ తిన్నది ఎవరు?" ఆయన పెట్టెని తమ్ముడి మొహం ముందు ఆడించాడు. "ఆ చెయ్యి ఎవరిదో తెలియక నేను ఇరవై ఒక్క ఏళ్ళ నుంచి కొట్లో కందిపప్పు తూస్తున్నానురా! ఆస్తిలో భాగం అడిగితే కళ్ళు మూసుకుని ఇచ్చేవాణ్ణి. నన్నొదిలేసి రెండో భాగం చూస్తావా?"

"నీకింకా గుర్తుందనుకోలేదన్నయ్యా. అడిగితే నవ్వుతావేమోనని..."

"నవ్వుతానా? ముందు మొదట్నుంచీ పెట్టు."

మొదట్నుంచీ పెట్టారు. వసుమతి పక్కింట్లోంచి చెల్లెలికి ఫోను చేసి, మీ బావగారికి ఒంట్లో బాగా లేదని చెప్పొచ్చింది. ఆ బాగా లేనితనం నిజం చెయ్యడానికి ఆయన చేత బావిలోంచి పన్నెండు బిందెలు తోడించి, ఆనక మామిడిపళ్ళు కోయించింది. భవానీప్రసాద్ సగం గడ్డంతోనే ముందు వరసలో కూర్చున్నాడు. ఓదార్చడానికొచ్చిన శాంతయ్య, వచ్చిన పని అవసరం లేదని తెలిసి, చాప మీద చోటు చూసుకున్నాడు. రాఘవమ్మ రాక్షసుడు కనపడ్డప్పుడల్లా కళ్ళు మూసుకుని, వాడు వెళ్ళిపోయాడా అని శాంతయ్యని అడిగింది. అన్నదమ్ములిద్దరూ ఒకే తడి తువ్వాలు మెడల చుట్టూ వేసుకుని, రసాలు పీలుస్తూ, పద్దెనిమిదేళ్ళవాళ్ళలా ఈలలు వేశారు.

మూడో భాగం మధ్యలో, మొదటి భాగంలో కనపడ్డ వెండి దుస్తుల ఆవిడ మళ్ళీ వచ్చింది. హీరో ఎదురుగా నిలబడి, "ప్రాణనాథా!" అంది.

ఉమాకాంతం ఈల ఆపేశాడు. "అన్నయ్యా, ఈవిడ కథానాయకుడి తల్లి అని చెప్పావ్ కదా నాకు?"

"తల్లే."

"ప్రాణనాథా అంటోంది."

"డబ్బింగువాళ్ళకి ఇంగ్లీషు రాదురా."

"మరి నీకొచ్చా?"

రామకోటేశ్వరరావు లేచి, తువ్వాల్లో తన సగం తీసి తమ్ముడి మెడలో వేసి, చెప్పులేసుకున్నాడు.

ఆస్తి విషయంలో ఏనాడూ మాట పట్టింపు రాని ఆ అన్నదమ్ములు, ఆవిడ తల్లా పెళ్ళామా అన్నదాని మీద పదిహేను రోజులు మాట్లాడుకోలేదు.