చౌదా కమ్రా మెట్ల దండయాత్ర

మొదట పైకప్పునకు నమస్కారము. వానను వెలుపలనే ఆపు నాలుగు గోడలకు నమస్కారము. కిరాయి ఇంట పుట్టి, కిరాయి ఇంట పెరిగి, ఇంటి యజమాని చెప్పుల చప్పుడు వినబడగానే పాట ఆపుకొన్న సకల సజ్జనులకును నమస్కారము. ఇక ఆలకింపుడు.

ఇరువదవ శతాబ్దమునకు రెండేండ్ల ఆయువు మిగిలియున్న కాలమున, శ్రావణపు ముసురు వదలక పట్టిన వారమున, భాగ్యనగర మధ్యమున, ఆబిడ్సు అంగళ్ళ దీపకాంతులకును నాంపల్లి స్టేషను రైళ్ళ ఘోషకును నడుమ, ఆటో సైతము వెనుదిరుగలేని ఒక ఇరుకు గల్లీలో, చౌదా కమ్రా, అనగా పద్నాలుగు గదులు, అను ప్రాచీన సౌధము వెలసియుండెను. క్రింద ఏడు గదులు, మేడమీద ఏడు, గదికొక కుటుంబము, అందరికిని కలిపి ఒకే నీటి నల్లా. సౌధమను మాటకు దాని గోడల సున్నము ఒప్పుకొనకపోవచ్చును. అయినను ఆబిడ్సులో చీరలు మడతపెట్టువారికి, సినిమాహాళ్ళు ఊడ్చువారికి, స్టేషనులో మూటలు మోయువారికి, పనికి నడచిపోయి అన్నమునకు నడచిరాగల దూరములో, తమ జీతమునకు అందు కిరాయికి దొరకు ఇల్లు ఆ చుట్టుప్రక్కల అదొక్కటే. తక్కినవన్నియు ఒకటొకటిగా కూలి, లిఫ్టులు గల ఆకాశహర్మ్యములై లేచి, వేరెవరికో స్వాగతము పలుకుచుండెను.

అట్టి చౌదా కమ్రా వాకిట ఒక సోమవారము ఉదయమున పిడుగు వంటి కాగితము అంటుకొనెను. సినిమాహాలున నిత్యసమ్మార్జన దీక్ష పూనిన పూలమ్మ, నీళ్ళ బకెట్టు చేత ధరించి, దాని ఎదుట నిలిచి, ప్రక్కనున్న భర్త నడిగెను.

"ఏం రాసిన్రు గండ్ల?"

ఆ భర్త రాజమల్లు మేస్త్రి. సిద్దిపేట వైపు పల్లెను విడచి వచ్చి, తాపీ ఆయుధముగా నగరమున వందలాది గదులకు గోడలు లేపి, తాను మాత్రము ఒక్క గదిలో భార్యాబిడ్డలతో ఒదిగియున్న మహారథుడు. అతడు కూడబలుకుకొని చదివి, మేఘగంభీర స్వరమున ఇట్లు పలికెను.

"బిల్డింగు శిథిలమైందట. ముప్పై దినాలల్ల ఖాళీ జేయమంటున్రు."

"యాడికి వోవాలె?"

"శివార్లల్ల ఏడనన్న."

"గాడికెళ్ళి రెండు బస్సులు మారొస్తే, పొద్దుగాల ఆటకు హాలు ఎవలూడుస్తరు?"

రాజమల్లు తల దించుకొని తాపీకి అంటిన సిమెంటును గోరితో గీకుచు నిలిచెను.

అంతట మేడమీది గది తలుపు తెరచుకొనెను. మెదక్ మిషన్ కాంపౌండున పుట్టి, నాంపల్లి కోర్టు ముంగిట గొడుగు క్రింద ఇరువదేండ్లుగా టైపుమిషను ముందు కూర్చుండి, పరుల కష్టములను అయిదేసి కాపీలుగా ముద్రించియు విసుగెరుగని దశాంగుళి ధనుర్ధారిణి, కార్బన్‌పత్ర కవచధారిణి, వీరవనిత జిప్పోరా మెట్లు దిగి వచ్చెను. ఆమె కాగితమును పైనుండి క్రిందికి ఒకసారియు, క్రిందినుండి పైకి ఒకసారియు చదివెను. పెద్ద అక్షరములు భయపెట్టుననియు, చిన్న అక్షరములే బయటపెట్టుననియు కోర్టు ఆమెకు నేర్పియుండెను. అట్టడుగున ఇట్లుండెను: "పై అంతస్తును స్వయముగా పరిశీలించితిని. లక్ష్మణరావు, ఇంజనీరు."

"గీ సారు మీదికి ఎప్పుడొచ్చిండు రాజమల్లూ?"

"రాలే అక్కా. మొన్న వానల గొడుగు వట్టుకొని గల్లీలనే నిలవడ్డడు. రాలిన సున్నం జూసిండు. వోయిండు."

"మొన్న నేను గూడ మీద ఇంట్లనే ఉన్న. ఒక్క అడుగు చప్పుడు వినలే," అని జిప్పోరా కాగితమును మడచి సంచిలో పెట్టుకొనెను.

ఆమె మొదట హిమాయత్‌నగర్‌కు పోయి యజమాని అమరేశ్వరరావును కలిసెను. వృద్ధుడు, శాంతమూర్తి, చౌదా కమ్రాను తండ్రి నుండి పొంది ఏమి చేయవలెనో తోచక ముప్పదేండ్లుగా అట్లే ఉంచినవాడు. ఆయన చాయ పోయించి, "చూడమ్మా, పడిపోయేదైతే పడగొట్టాలె, నిలబడేదైతే నిలబెట్టాలె. నాకేం తెలుసు. ఆ కాగితం ఏమంటే నాదీ గదే మాట," అనెను. కావున సంగ్రామమంతయు ఒక్క మాట చుట్టు తిరుగుచున్నదని ఆమెకు బోధపడెను. ఆ మాట "శిథిలము".

మరునాడు ఆమె సర్కారు కార్యాలయమును ముట్టడించెను. ఇంజనీరు లక్ష్మణరావు ఏబదేండ్ల పెద్దమనిషి. నేల అంతస్తుననే గది కోరి తీసుకొన్నవాడు. రెండు గంటలు బల్లమీద కూర్చున్న పిదప ఆమెకు దర్శనము లభించెను.

"సార్, మీరు మా ఇంటి మీదికి ఎక్కలే."

"ఎక్కినట్టేనమ్మా. కింద నుంచే అంతా కనిపించింది."

"అయితే మేడ మీద తలుపులు ఏ రంగువో చెప్పుండ్రి."

ఆ వాగ్బాణము నేరుగా తాకెను. లక్ష్మణరావు ఫైలు తెరచెను, మూసెను. పిమ్మట లేచి, గది తలుపు దగ్గరగా వేసి, స్వరము తగ్గించెను.

"మీ మెట్లకు ఒక పక్క గోడ ఉంది, ఇంకో పక్క ఏమీ లేదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేనొక స్లాబు మీద నుంచి పడ్డాను. అప్పటినుంచి పట్టుకోవడానికి ఏదీ లేకపోతే నాకు కాళ్ళాడవు. ఇంజనీరునై ఉండి ఆ మాట రిపోర్టులో ఎలా రాయమంటారు?"

రోషాగ్నిని పదిలముగా మోసికొనివచ్చిన జిప్పోరాకు అది చప్పున చల్లారెను. కోర్టు ముంగిట ఆమె ఎందరి భయములనో టైపు చేసియుండెను; అధికారి భయము చేతికి వచ్చుట ఇదే ప్రథమము. ఆమె ఆయన చేతులను చూచెను. అవి బల్లంచును గట్టిగా పట్టుకొనియుండెను.

"పట్టుకోను పెడ్తే వస్తరా సార్?"

"పెడితే వస్తాను."

"శుక్రవారం పదకొండింటికి."

ఇక చౌదా కమ్రాలో సాగిన సేతునిర్మాణమును ఏమని వర్ణింతును. స్టేషను హమాలీ గట్టయ్య, మూడు మణుగుల మూటలను తృణప్రాయముగా మోయు భుజశాలి, ఎవరో పారవేసిన పాత ఇనుప పైపులను అడిగి తెచ్చెను. పూలమ్మ తన బట్టలారవేయు గడను సమర్పించెను. ఒకరు విరిగిన మంచపు కోళ్ళు ఇచ్చిరి, ఒకరు కిటికీ చువ్వలు ఇచ్చిరి. రాజమల్లు కూలికి పోక రెండు దినములు మెట్లమీదనే కాపురముండి, ఇరువది రెండు మెట్ల పొడుగునను రంధ్రములు తొలిచి, పైపులు నిలిపి, సిమెంటు పోసెను. ఆకాశము పగబట్టినట్లు ఆ సాయంత్రమే జల్లు ఎత్తుకొనెను. తడి సిమెంటు కరగకుండ పద్నాలుగు కుటుంబములవారును వంతులవారీగా మెట్లమీద గొడుగులు పట్టి నిలిచిరి. పూలమ్మ రెండు వంతులు నిలిచెను. తమ తలలు తడిసిన సంగతి ఎవరికిని గుర్తు లేకుండెను.

శుక్రవారము పదకొండు గంటలకు లక్ష్మణరావు గల్లీ మొగదల అవతరించెను. మెట్లను చూచెను. ఒక్కొక్క పైపు ఒక్కొక్క లావు, ఒక్కొక్క రంగు. ఆయన మొదటి పైపును రెండు చేతులతో ఊపెను. అది కదలలేదు. అపుడు రాజమల్లు ముందును, జిప్పోరా వెనుకను కాపుండగా, ఇంజనీరుకులతిలకుడు కుడికాలు మొదటి మెట్టుపై మోపెను.

ఒకటి. రెండు. మూడవ మెట్టున ఊపిరి పీల్చెను. అయిదవ మెట్టున కన్నులు మూసెను. క్రింద నిలిచిన సమస్త కిరాయిదారులును ఒక్కమారుగా సలహాలు చెప్పబోగా, జిప్పోరా వెనుకకు తిరిగి ఒక్క చూపు చూచెను. సేనావాహిని నోరు మూసికొనెను. పదకొండవ మెట్టున ఆయన కాళ్ళు నిలిచిపోయినవి. "ఇంక చాలమ్మా," అని గొణిగెను.

పద్నాలుగు కుటుంబముల భాగ్యము ఆ పదకొండవ మెట్టు మీద ఊగిసలాడెను. అట్టి తరి రాజమల్లు తాను నేర్చిన ఏకైక విద్యను ప్రయోగించెను.

"సారూ, కిందికి చూడకుండ్రి. గోడను చూడుండ్రి. రెండడుగుల మందం, రాతి గోడ. నేను ఇప్పుడు కట్టే అపార్టుమెంట్లల్ల తొమ్మిదంగుళాల గోడ కట్టమంటే ఖుషీ అయితం. రాలింది పై సున్నం సారూ. అంగి చినిగిందని మనిషిని వారెయ్యం గద. జర చెయ్యి వెట్టి జూడుండ్రి."

లక్ష్మణరావు కన్ను తెరచెను. ఒక చేయి పైపును విడచి గోడను తాకెను. వ్రేలి కణుపుతో కొట్టెను. ఖంగున పలికెను. "రెండడుగులా?" అనెను. "ఔ సారూ." "గానుగలో నూరిన డంగు సున్నమేనా?" "డంగు సున్నమే." ఆయన మరొక మెట్టెక్కి మరొక చోట కొట్టెను. ఆపైన మరొక మెట్టు, మరొక చోటు. ముప్పదేండ్ల క్రితము గోడలను ప్రేమించి ఈ చదువు చదివిన కుర్రవాడొకడు ఆయన లోపలనుండి తల ఎత్తి చూచుచుండెను. మేడమీద కాలు పెట్టిన పిదపగాని, చివరి తొమ్మిది మెట్లను పైపు పట్టుకొనకయే ఎక్కితినని ఆయనకు తెలియలేదు. తెలియగానే అక్కడనే కూర్చుండెను. పూలమ్మ చాయ అందించెను.

పిమ్మట పరీక్ష సాగెను. గది గదికిని తిరిగి ఆయన దూలములపై రసమట్టము పెట్టి చూచెను; దాని బుడగ నడుమనే నిలిచెను. వసారాలో మాత్రము ఒక దూలమును చెదలు తినియుండెను. "దీన్ని దాచితే తప్పు," అనెను. "దాచమనలే సార్. మార్పిస్తం," అని జిప్పోరా బదులిచ్చెను.

అప్పుడు లక్ష్మణరావు జిప్పోరా గదిలో ఆమె టైపుమిషను మూతపై ఫైలు పరచి, ఎర్రసిరా కలమును ఒరనుండి లాగి, "శిథిలము" అను మాటను అడ్డముగా ఖండించి, దాని పైన ఇట్లు వ్రాసెను: "పాతది. నివాసయోగ్యము. ఒక దూలము మార్చవలెను."

"కొట్టేసిన కాడ పొట్టి సంతకం గావాలె సార్," అని జిప్పోరా మృదువుగా పలికెను. "లేకుంటే కోర్టుల నిలవదు."

ఆయన నవ్వి, సంతకము చేసెను.

గుమ్మమున నిలిచిన పూలమ్మ అడిగెను. "గంతేనా అక్కా?"

"గంతే పూలమ్మా."

వినుడు, వినుడు. ఆ శుక్రవారము మధ్యాహ్నము పన్నెండుంబావునకు, మహానగరము నడిబొడ్డున, ఒక కాగితముపై ఒక అంగుళము నేల ఎర్రగీతతో జయింపబడెను. ఆ అంగుళమునందు పద్నాలుగు కుటుంబములు మరునాడు ఉదయమున సుఖముగా నిద్రలేచి, నల్లా వద్ద బకెట్టు ఎవరిది ముందని యథాప్రకారము పోట్లాడుకొనెను.