పూలు వాడరాదు

"ఇకపై కార్యాలయంలో పూలు వాడరాదు. వాడినచో సంబంధిత సిబ్బందిపై కఠిన చర్య తీసుకోబడును."

పై ఉత్తర్వు ఒక సోమవారం ఉదయం కార్యాలయం గోడమీద వెలిసింది. కింద సంతకం, సంతకం కింద గుండ్రటి ముద్ర, ముద్ర కింద బల్లి. బల్లి తప్ప అందరూ రెండేసిసార్లు చదివారు. చదివి చలించిపోయారు. పూలు వాడిపోకూడదట! మనిషి వాడిపోతే అడిగే నాథుడు లేని ఈ రోజుల్లో పువ్వు వాడిపోతే చర్య తీసుకుంటామనే పైవాళ్ళు దొరకడం మన అదృష్టం కాక మరేమిటి, అని పెద్దసారు తమ గదిలోంచి బయటికొచ్చి మరీ అన్నారు.

ఆ కార్యాలయంలో పూలకు సంబంధించిన సిబ్బంది ఒక్కతే. బల్లలమీద పూలజాడీలు సర్దే తాత్కాలిక ఉద్యోగిని. అందరూ పూలపిల్ల అంటారు. ఏడాది తిరిగేలోగా ఆమెను పర్మినెంటు చేస్తామని పెద్దసారు మాట ఇచ్చి ఉన్నారు. ఆ మాటమీద ఒక ప్రాణం బతుకుతోంది. అది పూలపిల్ల ప్రాణం కాదు, వాళ్ళమ్మది.

వాళ్ళమ్మను వీధిలో ముందుజాగ్రత్తమ్మ అంటారు. కూతురు ఇంటికి రావడం కాస్త ఆలస్యమైతే చాలు, పెద్దాసుపత్రికి ఏ బస్సు వెళ్తుందో కనుక్కుని, చిల్లర సిద్ధం చేసుకుని, చెప్పులు వేసుకుని గుమ్మంలో నిలబడేది. కూతురు నవ్వుతూ వస్తే, నవ్వు ఎందుకొచ్చిందోనని ఇంకో భయం పెట్టుకునేది. అటువంటి మనిషి ఆ సాయంత్రం ఉత్తర్వు సంగతి విని కంచం ముందునుంచి లేచిపోయింది.

"వాడరాదంటే ఉపయోగించొద్దనే కదే? పూలే వద్దంటే పూలపిల్లతో వాళ్ళకేం పని? అయిపోయింది. నేను అనుకుంటూనే ఉన్నా."

"అబ్బా, అమ్మా! వాడిపోకూడదని దాని అర్థం. ఆఫీసంతా అదే అంటోంది. అంతమందికి తెలియంది నీకొక్కదానికే తెలిసిందా?"

"వాడిపోని పువ్వు ఎక్కడుందే తల్లీ? వాడిపోతే చర్య నీమీదే కదా! అలా అయినా అయిపోయినట్టే."

"నీకెటు చూసినా అయిపోయినట్టే ఉంటుంది. ఏదో ఒకటి ఎంచుకో, అన్నం చల్లారిపోతోంది."

తల్లి ఎంచుకుంది. ఒక అర్థం ప్రకారం ఉద్యోగం రేపు పొద్దున్నే పోతుంది. రెండో అర్థం ప్రకారం పువ్వు వాడేదాకా ఉంటుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి అయినప్పుడు ఏది కాస్త దూరంగా ఉంటే అటు నడవడమే తెలివి. "అయితే రెండోదే నిజం. నువ్వు మాత్రం నోరు మెదపకు," అంది. కూతురు నోట్లో ముద్ద ఉండటంవల్ల అప్పటికే మెదపడంలేదు.

మర్నాటినుంచి కార్యాలయం మిగతా పనులన్నీ కట్టిపెట్టి పూలమీద పడింది. జనం అర్జీలు పట్టుకుని వస్తే, "వారం పోయాక రండి, పూలున్నాయి" అని చెప్పి పంపేవారు. జనం కూడా పూలున్నప్పుడు పనులెలా అవుతాయని అర్థం చేసుకుని వెళ్ళిపోయేవారు.

మొట్టమొదట ఏది పువ్వో, ఏది కాదో తేల్చడానికి పూల గుర్తింపు సంఘం ఏర్పడింది. దానికి వృక్షశాస్త్రం ప్రొఫెసరుగారిని పిలిపించారు. ఆయన గులాబీని చూసి గులాబీ అన్నారు. లిల్లీని చూసి లిల్లీ అన్నారు. అందరూ రాసుకున్నారు. చామంతి దగ్గర మాత్రం ఆగి, కళ్ళజోడు తుడుచుకుని, "ఇది ఒక పువ్వు కాదు. వందలకొద్దీ చిన్నచిన్న పూలు ఒకే తలమీద కాపురం ఉంటున్నాయి. తేలిగ్గా చెప్పాలంటే ఉమ్మడికుటుంబం," అన్నారు. ఒక్క చామంతి వాడితే వందలకొద్దీ పూలు వాడినట్టు లెక్క. సంగతి ఇంటికి చేరగానే ముందుజాగ్రత్తమ్మ వేళ్ళు మడిచి లెక్కపెట్టింది. "ఒక్కో పువ్వుకి ఒక్కో చర్యా? అన్ని చర్యలు నా బిడ్డ ఒక్కతే ఎలా మోస్తుంది?" అంది. సంఘం దయగలది. చామంతికి కార్యాలయ ప్రవేశం నిషేధించింది.

తరవాత పెంపకం. బజారు పువ్వు ఎప్పుడు కోశారో ఎవరికి తెలుసు, మన పువ్వు మనమే పెంచుకుందాం అని పెద్దసారు సెలవిచ్చారు. బళ్ళు నిలిపే ఆవరణ తవ్వించి గులాబీలు వేశారు. చెట్టుమీదే వాడిపోయిన పువ్వుల్ని కార్యాలయం వెలుపల సంభవించిన సహజమరణంగా పరిగణించారు. కోసిన పువ్వుతోనే చిక్కంతా. పువ్వుని మొగ్గగా ఉన్నప్పుడే, ఎండ ఎక్కకముందే, కాడ ఏటవాలుగా కోసి వెంటనే నీళ్ళలో పెట్టాలని పూలపిల్ల చెప్పింది. ఆమె చెప్పినవాటిలో "మొగ్గ" అన్న మాట ఒక్కటే అందరికీ నచ్చింది. మొగ్గ ఇంకా పువ్వు కాదు. పువ్వు కానిది వాడినా ఉత్తర్వు కిందికి రాదు. వెంటనే మొగ్గల విభాగం వేరు, పూల విభాగం వేరు అయ్యాయి. మొగ్గ విచ్చుకునే సూచనలు కనిపించగానే మొగ్గలవాళ్ళు దాన్ని పూలవాళ్ళ బల్లమీద పెట్టేసి పారిపోయేవారు. పూలవాళ్ళు "ఇది ఇంకా మొగ్గే" అని వెనక్కి తెచ్చి పెట్టేవారు. ఇలా బల్లకీ బల్లకీ తిరిగి తిరిగి చాలా మొగ్గలు ఏ విభాగానికీ చెందకుండానే రాలిపోయాయి. ఎవరిమీదా మచ్చ పడలేదు.

ఇక నిల్వ. కాడకి అడుగున ఉన్న ఆకులు తీసేయాలి, నీళ్ళు రోజూ మార్చాలి, నీళ్ళలో కాస్త చక్కెర, ఒక చుక్క బ్లీచింగు కలపాలి, చల్లటిచోట ఉంచాలి. స్టోర్‌కీపరు ఇవన్నీ శ్రద్ధగా విని, టీకి కేటాయించిన చక్కెర పూలకు మళ్ళించాడు. పూలు తియ్యటి నీళ్ళు తాగుతుంటే సిబ్బంది చేదు టీ తాగుతూ వాటికేసి గౌరవంగా చూసేవారు. పెద్దపెద్ద ఫ్రిజ్‌లు వచ్చాయి. ఏసీ హాలు పూలకిచ్చి గుమాస్తాలను రేకుల వరండాలోకి మార్చారు. గుమాస్తాలు వారంలో వాడిపోయారు. దానిమీద ఉత్తర్వు ఏమీ లేదు.

అంతలో ప్రొఫెసరుగారు మళ్ళీ వచ్చి, పండిన పండులోంచి ఒక గాలి వస్తుందనీ, అది తగిలితే పువ్వు తొందరగా వాడుతుందనీ చెప్పి, ప్రయాణఖర్చులు తీసుకుని వెళ్ళారు. మర్నాటినుంచి గేటు దగ్గర టిఫిను డబ్బాలు తెరిచి చూడటం మొదలైంది. ఆ మర్నాడే పూలపిల్ల డబ్బాలో, అన్నం అడుగున, అరటిపండు దొరికింది. పెట్టింది తల్లి. పూల గొడవలో పిల్ల సరిగ్గా తింటోందో లేదో, కళ్ళు తిరిగి జాడీమీద పడితే జాడీ పగిలి చెయ్యి తెగితే ఏం గతి, అని ముందుచూపుతో పెట్టింది. "పూలకు హాని తలపెట్టు ఉద్దేశముతో పండు కలిగియుండుట" అని పిల్లకి మెమో ఇచ్చారు.

"అమ్మా, నీ ప్రేమతో నా ఉద్యోగం ఊడేలా ఉందే," అంది కూతురు.

"నేననుకుంటూనే ఉన్నా, పండుతోనే వస్తుందని."

"అనుకుంటూ మరి ఎందుకు పెట్టావ్?"

"పెట్టకపోతే ఇంకేదో వచ్చేది," అంది తల్లి. ఆ రోజునుంచి వీధిలో అరటిపళ్ళ బండి కనబడితే అవతలి వైపుకి దాటి నడిచేది.

ఇంత చేసినా పువ్వు తన బుద్ధి మానుకోలేదు. ఎంత చక్కెర తాగినా ఒక రోజు తల వాల్చేసేది. తనిఖీ దగ్గరపడింది. ఉత్తర్వు రాసిన పైఅధికారే స్వయంగా వస్తున్నారని కబురొచ్చింది. పెద్దసారు లా ఆఫీసరుని పిలిపించారు. ఆయన పైకప్పుకేసి చాలాసేపు చూసి అభిప్రాయం చెప్పారు:

"ఎండిన పువ్వు వాడదు. వాడటానికి అందులో ఏమీ మిగల్లేదు. రిటైరైనవాడికి మెమో ఇవ్వగలమా? ఇదీ అంతే."

కార్యాలయం ఊపిరి పీల్చుకుంది. పచ్చిపువ్వుల్ని గుత్తులుగా కట్టి చీకటిగా ఉండే రికార్డు గదిలో తలకిందులుగా వేలాడదీశారు. ఆ గదిలో అప్పటికే చాలా సంగతులు తలకిందులుగా ఉండటంవల్ల ఎవరికీ కొత్తగా అనిపించలేదు. గులాబీలు ఇటుకరంగుకి తిరిగాయి. లిల్లీలు పాత కాగితాల్లా అయ్యాయి. పూలపిల్ల వాటిని ఒక్కరెమ్మ విరగకుండా జాడీల్లో సర్దింది. తన పనికి తనే మురిసిపోయి ఇంటికొచ్చి చెప్పింది.

తల్లి వింటూనే లెక్క వేసింది. "ఎండినవాటికి నీళ్ళు మార్చక్కర్లేదు కదే? ఆకులు తియ్యక్కర్లేదు. మరి నువ్వెందుకు?"

"అమ్మా, దణ్ణం పెడతాను, ఈ మాట ఇంకెక్కడా అనకు."

అనలేదు. కానీ తనిఖీ రోజు కుటుంబాలను కూడా ఆహ్వానించారని తెలిసి, ఏదైనా జరిగితే పట్టుకోవడానికి దగ్గర మనిషి ఉండాలని, వెళ్ళి చివరి వరసలో కూర్చుంది.

పైఅధికారి హాల్లో అడుగుపెట్టి, గోడ గోడకీ నిండిన పూలజాడీలు చూసి ఒక్క క్షణం నిలబడిపోయారు. "ఇన్ని పూలా!" అన్నారు.

"ఒక్కటి కూడా వాడలేదండి," అన్నారు పెద్దసారు చేతులు కట్టుకుని.

"ఒక్కటీ వాడలేదండి," అన్నారు అందరూ.

పైఅధికారి ముఖంలో ఏదో వచ్చి, ఏదో పోయి, చివరికి చిరునవ్వు నిలబడింది. మైకు అందుకున్నారు. "ఆశయాలు వాడిపోయిన ఈ కాలంలో, పూలు వాడని కార్యాలయాన్ని కళ్ళారా చూశాను. నా ఉత్తర్వులోని ఆత్మను పట్టుకున్నది మీరొక్కరే. కొన్ని కార్యాలయాల్లో అసలు పూలే లేకుండా చేసి కూర్చున్నారు. వాళ్ళకి మెమోలు పంపిస్తాను. ఇక్కడి విధానాన్ని అంతటా అమలు చేస్తాం. పైగా పొదుపు కూడా. ఎండిన పూలకు సేవ అక్కర్లేదు గనుక, ఈ సందర్భంగా పూలపిల్ల పోస్టును రద్దు చేస్తున్నందుకు ఎంతో ఆనందిస్తున్నాను."

చప్పట్లు మోగాయి. పూలపిల్ల కూడా అలవాటుకొద్దీ రెండు చప్పట్లు కొట్టి ఆగిపోయింది.

ముందుజాగ్రత్తమ్మ జీవితంలో మొదటిసారి ముందూ వెనకా చూడకుండా లేచింది. "ఆగండి బాబూ! వాడరాదంటే ఉపయోగించొద్దని! పూలే పెట్టొద్దని మీరు రాస్తే, వాడిపోకూడదని వీళ్ళు తప్పు చదివారు. తప్పు వీళ్ళది, పోయే ఉద్యోగం నా బిడ్డదా?"

పక్కనే నిలబడ్డ స్టోర్‌కీపరు మెల్లగా, ఇంట్లో పెద్దావిడకి చెప్పినట్టు చెప్పాడు: "మాకు తెలుసమ్మా."

"తెలుసా?"

"మొదటిరోజే తెలుసు. అలా చదివితే ఫ్రిజ్‌లు ఎలా కొంటాం?"

"నాకు రెండర్థాలూ తెలుసు," అన్నారు లా ఆఫీసరు. "నన్ను రెండోదాని గురించే అడిగారు."

"నన్ను చామంతి గురించి అడిగారు," అన్నారు తనిఖీకని మళ్ళీ వచ్చిన ప్రొఫెసరుగారు.

తల్లి దిక్కుతోచక పైఅధికారికేసి తిరిగింది. "మీరన్నా చెప్పండి బాబూ. రాసింది మీరే కదా!"

"రాసింది నేనేనమ్మా. పూలొద్దనే రాశాను," అన్నారాయన మైకు పక్కకి జరిపి. "ఇప్పుడా మాట ఒప్పుకుంటే నాకు వాక్యం రాయడం రాదని ఒప్పుకున్నట్టవుతుంది. ఇంతమంది పెద్దలు కలిసి చదివింది తప్పెలా అవుతుంది చెప్పండి? సరే, మీకెప్పుడు తెలిసింది?"

"ఆ సోమవారమే. పిల్ల ఇంటికొచ్చి చెప్పగానే."

"మరి ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదు?"

తల్లి కూతురికేసి చూసింది. కూతురు జాడీకేసి చూసింది. "పిల్ల ఉద్యోగం..." అని గొణిగింది తల్లి.

పైఅధికారి ముఖం విప్పారింది. "చూశారా! మనమంతా ఒకే కుటుంబం!"

అప్పటికప్పుడు కొత్త పోస్టు పుట్టింది. దాని పేరు అర్థ పర్యవేక్షకురాలు. కార్యాలయంలో ఎవరూ మొదటి అర్థాన్ని పైకి అనకుండా చూడటం ఆ ఉద్యోగి విధి. పూలపిల్లని అందులో పర్మినెంటు చేశారు. షరతు ఒక్కటే: మొదట ఇంట్లోవాళ్ళ నోరు అదుపులో ఉంచాలి. ముందుజాగ్రత్తమ్మ రెండు చేతులూ నోటికి అడ్డంపెట్టుకుని, కళ్ళనీళ్ళతో తలూపింది.

ఇంటికి వెళ్ళేదారిలో మాత్రం ఆగిపోయింది. "బయటివాళ్ళెవరైనా పసిగట్టి అనేస్తే?"

"ఆ ఆర్డరు గోడమీద ఎన్నాళ్ళనుంచి ఉందమ్మా? పనులమీద వచ్చిన జనమంతా చదివారు. తెలియనిదెవరికి? నవ్వుకుని, ఎవరి పని వాళ్ళు చూసుకుని పోయారు. నడువు."

ఆవిడకి కాస్త ధైర్యం వచ్చింది. ఇది చదువుతున్న తమరు కూడా మొదటి వాక్యం దగ్గరే సంగతి గ్రహించి, వినోదంగా ఉందని ఇంతదూరం పెదవి విప్పకుండా వచ్చారని తెలిస్తే, మిగతా ధైర్యం కూడా వస్తుంది.