బల్లమీద నేరేడువలస

"నేరేడువలసలో రైలు ఆగి తీరుతుంది. ఆగేదాకా నేను ఏసీ వేసుకోను" అని రాష్ట్ర అనుసంధాన శాఖామాత్యులు కొండబాబుగారు శ్రీకాకుళం ఎగ్జిబిషన్‌లో భీషణ ప్రతిజ్ఞ చేశారు. డిసెంబరు నెలలో, సాయంకాలం పూట, నాగావళి మీంచి చలిగాలి కొడుతుండగా అంత మాట అనాలంటే ఎంత త్యాగబుద్ధి ఉండాలో మనబోటివాళ్ళకి అర్థం కాదు. అనుసంధాన శాఖ ఏం చేస్తుందో కూడా మనకి అర్థం కాదు. ఆ మాటకొస్తే, తను ఏం చెయ్యాలో ఆ శాఖకే ఇంకా ఉత్తర్వులు రాలేదు. అయినా ఊరికే కూర్చోకుండా ప్రతిజ్ఞలు చేస్తూ ఉండటం మంత్రిగారి గొప్పతనం.

ఆ ప్రతిజ్ఞ జరిగింది ఒక బల్ల ముందు. మూడడుగుల పొడుగు, రెండడుగుల వెడల్పు. దాని మీద ఒక కొండ, ఉప్పుమడులు, తాటిచెట్లు, నడుమ అగ్గిపెట్టెంత నేరేడువలస హాల్టు, హాల్టు ముందు ఆగివున్న బుజ్జి రైలు. వెనకాల స్విచ్చి పట్టుకుని నిలబడ్డాయన స్టాన్లీ మాస్టారు, రిటైరైన ఫిజిక్స్ లెక్చరర్. మంత్రిగారి మాట విని ఆయనకి కళ్ళు చెమర్చాయి. అలా చెమర్చినందుకు తర్వాత ఆయన తనని తాను చాలాసార్లు తిట్టుకున్నాడు గాని, ఆ పూట మాత్రం సంతోషంగానే ఉంది.

నేరేడువలస స్టాన్లీ పుట్టిన ఊరు. నౌపడ దాటాక వస్తుంది, రెప్పవేస్తే వెళ్ళిపోతుంది. కరోనాకి ముందు పొద్దుటి పాసింజరు అక్కడ ఒక్క నిమిషం ఆగేది. ఆ నిమిషంలో ఊళ్ళో కూరగాయలన్నీ రైలెక్కి విజయనగరం బజారుకి చేరిపోయేవి. కరోనా వచ్చి రైలు ఆగిపోయింది. కరోనా పోయాక రైలు మళ్ళీ తిరిగింది గాని, నేరేడువలసలో ఆగడం మర్చిపోయింది. ములగకాడలూ తోటకూరా అమ్ముకునే తవిటమ్మ అప్పట్నుంచి రెండు ఆటోలు, ఒక బస్సు మారుతోంది. ఆవిడ బజారుకి చేరేసరికి తోటకూర తలకాయ వేలాడేస్తుంది. ఎండకి తవిటమ్మ కూడా వేలాడేస్తుంది.

"నువ్వు సదూకున్నోడివి గదా బాబూ. మా రైలు ఆగేలా ఒక కాయితం రాసి పడీ" అని ఆవిడ అడిగింది. స్టాన్లీ రాశాడు. చాలా కాగితాలు రాశాడు. భౌతికశాస్త్రం చెప్పినవాడు కాబట్టి, ఆగిన వస్తువు ఆగే ఉంటుందనీ కదిలే వస్తువు కదులుతూనే ఉంటుందనీ ఆయనకి తెలుసు. కాగితాలు మొదటి రకం, రైలు రెండో రకం. బయటినుంచి బలం ప్రయోగిస్తే తప్ప లాభం లేదనుకున్నాడు. అర్జీ చదివే తీరిక లేని పెద్దలు బొమ్మ కనిపిస్తే మాత్రం ఆగి చూస్తారని ఆయన చాలా ఎగ్జిబిషన్లలో గమనించాడు. అందుకని రైలే కట్టాడు.

ఎగ్జిబిషన్ స్టాల్లో ఇచ్చే బల్ల చిన్నది. చిన్నచోట రైల్వే కట్టాలంటే మొదటి సూత్రం పట్టాలన్నీ చూపించకూడదు. సగం పట్టాలు ముందు, సగం పట్టాలు వెనక, మధ్య అడ్డంగా ఆకాశం రంగు ఫ్లెక్సీ. రైలు కొండ సొరంగంలోంచి తెర వెనక్కి పోతుంది. అక్కడ కాసేపు ఊరికే నిలబడుతుంది. మళ్ళీ రెండో పక్కనించి వస్తుంది. చూసేవాళ్ళకి రైలు ఎక్కడికో వెళ్ళొచ్చినట్టుంటుంది. స్టేషను గోడలకి శుభలేఖల అట్టలు, తాటిచెట్లకి చీపురుపుల్లలు, మడులకి నౌపడ నుంచి తెచ్చిన అసలు ఉప్పు. ముసురు పట్టినప్పుడు ఆ ఉప్పు చెమ్మగిల్లి బల్లంతా నీరు కారేది. దానికి స్టాన్లీ రియలిజం అని పేరు పెట్టాడు. ఇంట్లో కడుతున్నన్నాళ్ళూ దానికిందున్న డైనింగ్ టేబులు పాడైపోవడానికి ఆయన భార్య దేవమణి వేరే పేరు పెట్టింది.

"ఏవండీ, ఇంతకీ అర్జీ ఏది?" అంది ఆవిడ ఒకరోజు. ఆవిడ హైస్కూల్లో హిందీ టీచరు.

"ఇదే అర్జీ."

"అర్జీకి తాటిచెట్లెందుకు?"

దూరం నుంచి చూసినప్పుడు కంటికి లోతు తెలియాలంటే ముందు పెద్ద చెట్లు, వెనక చిన్న చెట్లు ఉండాలని స్టాన్లీ చాలాసేపు వివరించాడు. దేవమణి ఓపిగ్గా విని, తాడిచెట్టు ఎందుకెక్కావురా అంటే దూడగడ్డి కోసం అన్నాడట వెనకటికొకడు, అని వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఆయనకి కోపం రాలేదు. తను తవిటమ్మని తలుచుకుని చాలారోజులైందనీ, ఇప్పుడు తలుచుకుంటున్నదల్లా పొదలకి స్పాంజిని ఏ ఆకుపచ్చలో ముంచాలన్నదేననీ ఆయనకే తెలుసు. తెలిసి కూడా ముంచుతూనే ఉన్నాడు.

ఇక మంత్రిగారు బల్ల దగ్గరికి వచ్చిన ఘట్టం. రైలు హాల్టులో ఆగింది, కదిలింది, కొండలో దూరింది. మంత్రిగారు వంగి చూశారు.

"ఎక్కడికెళ్ళిపోనాది మేస్టారూ?"

"తెర వెనకుందండీ. కాస్సేపాగి మళ్ళీ వదుల్తాను."

"ఈలోగా ముందున్నోళ్ళు ఏటనుకుంటారు?"

"పలాస వెళ్ళొచ్చిందనుకుంటారండీ."

మంత్రిగారు తెరకేసి చూస్తూ ఆలోచనలో పడ్డారు. ఆయన ఆలోచిస్తుండగా చూసిన అదృష్టవంతులు ఆ జిల్లాలో తక్కువ. చివరికి స్టాన్లీ భుజం మీద చెయ్యి వేసి, "ఇంత తెలివి పెట్టుకుని ఇన్నాళ్ళూ పిల్లలకి పాఠాలు ఎందుకు చెప్పుకున్నారండీ?" అన్నారు. ఆ వెంటనే మైకు తీసుకుని ఏసీ ప్రతిజ్ఞ చేశారు. మర్నాటి నుంచి స్టాన్లీ అనుసంధాన శాఖకి గౌరవ సాంకేతిక సలహాదారు. మెడలో వేసుకునే కార్డు ఇచ్చారు. ఫొటోలో ఆయన కళ్ళు మూసుకుని ఉన్నాడు. అయినా ఆ కార్డు వేసుకునే పాలప్యాకెట్టుకి వెళ్ళేవాడు, చర్చికీ వెళ్ళేవాడు. పాస్టరుగారు కార్డు చూసి ముందు వరసలో కూర్చోబెట్టేసరికి, వైరాగ్యం గురించి చెప్పిన ప్రసంగం ఆ ఆదివారం ఆయనకి ఒక్క ముక్కా వినబడలేదు.

సలహాదారు సలహాలు ఇస్తాడని మనం అనుకుంటాం. ఆయనకే సలహాలు వచ్చాయి. మంత్రిగారి పి.ఎ. కూర్మనాథం రోజూ ఫోను చేసి "ఒక చిన్న సజెషన్ సార్" అనేవాడు. ఫలానా ప్రెసిడెంటుగారి ఊరికి కూడా ఒక హాల్టు పెట్టాలి. ఆ ఊరి మీంచి రైలు పట్టాలే లేవని స్టాన్లీ అంటే, బల్లమీద ఉన్నాయి కదా అనేవాడు. దాని పక్కన ఇంకో నాయకుడి ఊరు. ఆ నాయకుడి ఊరికి పెట్టాక ఆయన బావమరిది ఊరికి పెట్టకపోతే గొడవ. బల్ల పెంచుదామంటే వీల్లేదు, రిబ్బను కత్తిరించాక మంత్రిగారి చెయ్యి అవతలి అంచుదాకా అందాలి, అది ప్రోటోకాల్. ఒక హాల్టు కోసం కొండ సగం చెక్కేశారు. ఇంకో హాల్టు కోసం తాటిచెట్లు పీకేశారు. ఉప్పుమడుల మీద హెలిపాడ్ వచ్చింది. చివరికి ఇంజను ఒక స్టేషన్లో ఉంటే ఆఖరి బోగీ వెనకటి స్టేషన్లో ఉండే పరిస్థితి ఏర్పడింది. రివ్యూ మీటింగులో ఇది చూసి మంత్రిగారు ముగ్ధులయ్యారు. ఒకేసారి రెండూళ్ళలో ఆగే రైలు దేశంలో ఇంకెక్కడైనా ఉందా అని అధికారుల్ని అడిగారు. లేదని అధికారులు ఏకగ్రీవంగా చెప్పారు.

అసలు రైలు సంగతి అడగాలని స్టాన్లీ ప్రతి మీటింగుకీ గట్టిగా అనుకునే వెళ్ళేవాడు. మంత్రిగారు అందరి ముందూ "రండి మేస్టారూ, పక్కన కూకోండి" అనేవారు. ఆ కుర్చీ మెత్తగా ఉండేది. ఇంటికొచ్చాక గాని అడగలేదని గుర్తొచ్చేది కాదు.

ఇలా ఉండగా ఒక వింత జరిగింది. ఎప్పుడో బొమ్మ కట్టకముందు స్టాన్లీ రాసిన కాగితాల్లో ఒకదాన్ని ఎవరో చదివారు. ఎవరో, ఎందుకో తెలియదు. ఇలాంటివి ఎప్పుడైనా జరుగుతుంటాయి. రైల్వేవాళ్ళు ఫోను చేసి చెప్పింది ఇదీ: వచ్చే శుక్రవారం ఒక్కరోజు పొద్దుటి పాసింజరుని నేరేడువలసలో ఒక నిమిషం ఆపి చూస్తారు. జనం ఎక్కితే ఇక రోజూ ఆపుతారు. ఎక్కకపోతే ఆ ఊరికి రైలు అక్కర్లేదని రాసుకుంటారు, మళ్ళీ అడగడానికి లేదు.

స్టాన్లీ ఆ సాయంత్రమే స్కూటరు మీద ఊరికి వెళ్ళాడు. ఇల్లిల్లూ తిరిగి చెప్పాడు. పనున్నా లేకపోయినా అందరూ సంచీలు పట్టుకుని వచ్చి ఎక్కండి, తర్వాతి స్టేషన్లో దిగిపోయినా పర్వాలేదు, ఎక్కడం ముఖ్యం అన్నాడు. తవిటమ్మ ఆయన రెండు చేతులూ పట్టేసుకుంది. "నువ్వు రాసిన కాయితం పనిసేసినాది బాబూ" అంటూ ఏడ్చేసింది. స్టాన్లీ తిరిగొస్తూ దారంతా పాటలు పాడుకున్నాడు. చాలాకాలానికి తను కాస్త పనికొచ్చే మనిషిననిపించింది.

ఆ సంతోషంలోనే ఆయన చేసిన తప్పు ఒక్కటి. సలహాదారు కదా, ఈ కబురు మంత్రిగారికి చెప్పాడు.

"ఆగే రైలుకి జెండా ఎవరు ఊపుతారు మేస్టారూ?" అన్నారు మంత్రిగారు.

శుక్రవారం నాటికి నేరేడువలస ప్లాట్‌ఫాం పక్కన షామియానా లేచింది. వేదిక మీద బల్ల, బల్లమీద రైలు. ముందు బల్లమీద రైలు ఆగాలి, తర్వాతే పట్టాల మీద రైలు, అదీ ప్రోటోకాల్ అన్నాడు కూర్మనాథం. ఊరంతా కొత్త బట్టలు కట్టుకుని సంచీలు ఒళ్ళో పెట్టుకుని కుర్చీల్లో కూర్చుంది. తప్పెటగుళ్ళు దద్దరిల్లుతున్నాయి. తవిటమ్మ లబ్ధిదారు కాబట్టి ఆవిణ్ణి ములగకాడల బుట్టతో సహా వేదిక ఎక్కించారు. ఇళ్ళపట్టాలు ఇచ్చేటప్పుడు అట్టతో చేసిన పెద్ద తాళంచెవి ఇస్తారు చూడండి, అలాగే ఆవిడకి ఇవ్వడానికి తలుపంత రైలు టిక్కెట్టు ఒకటి చేయించి పెట్టారు. దాని మీద మంత్రిగారి ఫొటో ఉంది, పైనున్న పెద్దల ఫొటోలు ఉన్నాయి. చోటు చాలక రైలు బొమ్మ మానేశారు.

మంత్రిగారు ఆలస్యంగా వచ్చి, ఆలస్యానికి కారణమైన అభివృద్ధి గురించి మాట్లాడటం మొదలుపెట్టారు. రైలు మాత్రం టైముకి వచ్చింది. వచ్చి ఆగింది. ఇన్నేళ్ళ తర్వాత నేరేడువలసలో రైలు ఆగింది.

కుర్చీలు కిర్రుమన్నాయి. జనం సగం లేచారు. తవిటమ్మ బుట్ట ఎత్తుకోబోయింది.

"కూకోండి, కూకోండి. సభా మర్యాద పాటించాల" అన్నారు మంత్రిగారు మైకులో. "జెండా ఊపకుండా రైలెక్కితే ఏటి బాగుంటాది?"

కూర్మనాథం స్టాన్లీ వైపు చూశాడు. ఆ చూపులో మెత్తని కుర్చీ ఉంది, మెడలో కార్డు ఉంది. స్టాన్లీ గబగబా తవిటమ్మ దగ్గరికి వెళ్ళాడు. ఎక్కెయ్ అప్పా, పరిగెట్టు, అందామనే వెళ్ళాడు. నోటినుంచి వచ్చిన మాట ఇది.

"కాస్త కూర్చో అప్పా. మంత్రిగారు టిక్కెట్టు నీ చేతికే ఇస్తారట."

ఆవిడ కూర్చుంది. బాబు చెప్పాడు కదా అని కూర్చుంది. ఆవిడ కూర్చోవడం చూసి ఊరు ఊరంతా కూర్చుంది.

రైలు దిగిన మనిషి ఒక్కతే, ఎంతమంది ఎక్కుతారో చూడ్డానికి వచ్చిన రైల్వే ఉద్యోగిని. ఆ అమ్మాయి అటూ ఇటూ చూసి వేదిక పక్కకి వచ్చి, ఎక్కేవాళ్ళు ఎవరూ లేరాండీ అని స్టాన్లీని అడిగింది.

"ఉన్నారమ్మా, ఇంతమంది ఉన్నారు. కాస్త ఉండండి, సారు ముగించేస్తున్నారు."

"నేను ఉంటానండీ. రైలు ఉండదు" అంది ఆ అమ్మాయి. అని, గార్డు ఈల వెయ్యగానే పరుగెత్తుకెళ్ళి ఎక్కేసింది.

రైలు కదిలాక మంత్రిగారి ప్రసంగం పూర్తయింది. ఆయన వేదిక అంచుకి వచ్చి, వెళ్ళిపోతున్న ఆఖరి పెట్టెకి పచ్చజెండా బ్రహ్మాండంగా ఊపారు. ఫొటోలు ఎంతో బాగా వచ్చాయి. కుర్చీల్లో జనానికి ఏం జరిగిందో అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. అర్థమయ్యాక సంచీలు ఇటునుంచి అటు మార్చి పెట్టుకున్నారు. స్టాన్లీకి సిగ్గుతో చెవులు మండిపోయాయి. ఎటైనా పారిపోవాలనిపించింది. పారిపోవడానికి ఆ ఊళ్ళో రైలు ఆగదు.

మంత్రిగారు తలుపంత టిక్కెట్టు తవిటమ్మ చేతుల్లో పెట్టి, ఫొటో అయ్యేదాకా పట్టుకుని, వదిలేశారు. అట్ట వెనక తవిటమ్మ పూర్తిగా మాయమైపోయింది. కాసేపటికి పక్కనుంచి తల బయటపెట్టి స్టాన్లీని చూసింది.

"ఇది ఏ రైలుకి బాబూ?"

కార్యక్రమంలో తర్వాతి అంశం బొమ్మ రైలేనని కూర్మనాథం సైగ చేస్తున్నాడు. స్టాన్లీ స్విచ్చి నొక్కాడు. బల్లమీద రైలు తెర వెనకనించి బుద్ధిగా బయటికొచ్చి నేరేడువలసలో ఆగింది.

తవిటమ్మ టిక్కెట్టు పక్కన పెట్టి, వంగి, రైలుని ఈ చివర్నుంచి ఆ చివరిదాకా చూసింది. తర్వాత తన ములగకాడల కేసి చూసుకుంది.

"దీన్లో బుట్ట ఎక్కనిత్తారా బాబూ?"