భోషాణంలో చట్టం

నందిగామలోని విశ్వవిద్యాలయ న్యాయ గ్రంథాలయ శాఖలో 1961 ఫిబ్రవరి నాటికి పుస్తకమన్నది ఒక్కటి కూడా మిగల్లేదని ప్రజలకు సంతోషంతో తెలియజేస్తున్నాను. ఉన్న నాలుగు వందల పన్నెండు పుస్తకాలూ పాఠకుల ఇళ్ళకు చేరిపోయాయి. ఇంతటి పఠనాసక్తి మరెక్కడా కనబడలేదని విశ్వవిద్యాలయం వారే కాగితం మీద ఒప్పుకున్నారు. ఈ ఘనత ఎలా సిద్ధించిందో చెప్పే అర్హత నాకుంది. గ్రంథాలయం ఉన్నది మా మేడమీదే. కింద నా మిరపకాయల కొట్టు. మేడ మా నాన్నగారు సొంత కష్టంతో కట్టించారు. ఆయన యాభై ఎనిమిదిలో కాలం చేసినప్పటినుంచీ అది నాదే. నా పేరు వెంకటరత్నం.

పల్లెలకు న్యాయవిజ్ఞానం అందించాలని పైవారు తీర్మానించిన మీదట యాభై తొమ్మిదిలో పుస్తకాలు లారీలో దిగాయి. విజ్ఞానం తరవాతి లారీలో వస్తుందనుకున్నాం. పుస్తకాలతోపాటు గ్రంథపాలకుడు కోటిలింగం వచ్చాడు. నెమ్మదస్తుడు, కొత్తగా పెళ్ళయినవాడు, ఉద్యోగం మాత్రం తాత్కాలికం. రెండేళ్ళలోగా పుస్తకాలు జనం చేతుల్లో తిరగకపోతే శాఖ ఎత్తేస్తామని, శాఖతోపాటు అతన్నీ ఎత్తేస్తామని నియామకపు ఉత్తర్వులోనే రాసి ఉంది. పాపం, రోజూ పుస్తకాలు దులిపి, నా మిరపకాయల ఘాటుకు తుమ్ముతూ, మెట్లవైపు చూస్తూ కూర్చునేవాడు. పది నెలలపాటు హాజరు పుస్తకంలో అతని సంతకం తప్ప మరొకటి పడలేదు.

ఊళ్ళో ప్లీడర్లకు లోటు లేదు. కాని వాళ్ళెవరూ మెట్లెక్కలేదు. వారిలో పెద్దవారైన కృపారావు గారు నాకు కారణం విడమరిచి చెప్పారు. "నాడి పట్టుకుని పుస్తకం తిరగేసే వైద్యుడి దగ్గర రోగి కూర్చుంటాడటయ్యా? నేను మేడెక్కడం క్లయింటు చూశాడంటే, ఈయనకేమీ రాదనుకుని జగ్గయ్యపేట పోతాడు." వృత్తి గౌరవం అంటే అది.

అలాంటి రోజుల్లో కీసర నుంచి బస్సు దిగి పున్నమ్మ వచ్చింది. ఎనిమిదో తరగతి దాకా చదువుకున్న మనిషి. ఆమె పుట్టిల్లు వీరులపాడు. తల్లి ఎప్పుడో పోయింది. తండ్రి యాభై ఏడులో వీలునామా రాయకుండానే పోయాడు. ఆయన స్వయంగా కొన్న నాలుగెకరాల మిరప చేను అప్పటినుంచీ అన్న వీరరాఘవయ్య చేతిలో ఉంది.

"ఏమండీ, ఆడపిల్లకి కూడా తండ్రి పొలంలో వాటా ఉందని చట్టం వచ్చిందంటగా," అంది కోటిలింగంతో. "నా కళ్ళతో చూద్దామని వచ్చా. ఎన్నాళ్ళని ఒకళ్ళ చేను కౌలుకి చేస్తామండి? ఆ రెండెకరాలూ నాకొస్తే మా పిల్లలు మా చేలోనే దిగుతారు."

మొట్టమొదటి పాఠకురాలిని చూసిన ఆనందంలో కోటిలింగం కుర్చీని రెండుసార్లు తుడిచాడు. కాని నిబంధన నిబంధనే. సభ్యత్వం కావాలంటే సొంత పేరున భూమి ఉన్నవారు సిఫారసు చేయాలి. భూమి కోసం వచ్చిన మనిషికి భూమి ఉన్నవారి సంతకం కావాలనడంలో ఆ నిబంధన రాసినవారి ముందుచూపు కనబడుతుంది. ఇంటికి తీసుకెళ్ళే వీలు లేక పున్నమ్మ అక్కడే కూర్చుంది. మూడు రోజులు వరసగా వచ్చి, తుమ్ముతూనే, హిందూ వారసత్వ చట్టపు తెలుగు పుస్తకం నుంచి తనకు కావలసిన పేజీలు నోటుబుక్కులో రాసుకుంది.

నాలుగో రోజు సంగతి తెలిసి వీరరాఘవయ్య బండి కట్టించుకుని దిగాడు. ఆయన లోకజ్ఞానం గలవాడు. దస్తావేజు ఎవరి పెట్టెలో ఉంటే పొలం వాళ్ళదని, మూడు తరాలుగా కోర్టు మెట్లెక్కి నేర్చుకున్న కుటుంబం. భూమికి ఉన్న న్యాయమే చట్టానికీ ఉంటుంది కదా! వెంటనే సభ్యత్వం కట్టి, చెల్లెలు చదివిన పుస్తకం పట్టుపంచెలో చుట్టుకున్నాడు.

"ఇలాంటివి వేలకొద్దీ అచ్చేస్తారండీ," అని కోటిలింగం నిజాయితీగా చెప్పబోయాడు.

"నకళ్ళు ఎన్నైనా ఉంటాయయ్యా. విశ్వవిద్యాలయం ముద్ర పడింది దీనిమీద. అసలు ఇదే," అన్నాడు వీరరాఘవయ్య. "ఇక మా చెల్లెలు దేన్ని చూపించి వాటా అడుగుద్దో నేనూ చూస్తా."

కోటిలింగం ఇంకేదో అనబోయి, ఉత్తర్వులోని షరతు గుర్తొచ్చి, రిజిస్టరు తెరిచాడు. మొదటి పుస్తకం జనం చేతిలో పడింది.

చట్టం వీరులపాడులో భోషాణంలోకి వెళ్ళిందన్న వార్త సంతల్లో పాకింది. పక్షం పక్షానికీ గడువు పొడిగించుకోవడానికి వీరరాఘవయ్య వట్టి చేతులతోనే వచ్చేవాడు. దారిలో చెల్లెలు ఎదురుపడితే ప్రమాదం కదా! ఆయన వెనకే లోకం కదిలింది. పెనుగంచిప్రోలు నుంచి, పొలాలు కౌలుకిచ్చే సాంబయ్య వచ్చి కౌలుదార్ల చట్టం పట్టుకుపోయాడు. బస్టాండు దగ్గరి హోటలు యజమాని ఆహార కల్తీ నిరోధక చట్టం తీసుకుని, ఆ సాయంత్రం నిశ్చింతగా పాలబిందెలో ఇంకో చెంబు నీళ్ళు పోశాడు. బాల్యవివాహ నిరోధక చట్టాన్ని పెళ్ళిళ్ళ కాలమంతా ఒక పురోహితులవారు భద్రపరిచారు. అస్పృశ్యతా నేరాల చట్టాన్నైతే ఒక ఊరి పెద్దలు విడివిడిగా తెచ్చుకుంటే తగాదా వస్తుందని ఉమ్మడిగా వచ్చి తీసుకుపోయారు. ఆ ఊళ్ళో అంతటి ఐకమత్యం నేను మళ్ళీ చూడలేదు. తమకు హాని చేసే చట్టమేదో తెలియనివారు లావుపాటిది చూసి ఎత్తుకెళ్ళారు.

అలమారాలు ఖాళీ అయ్యాయి. ఆ ఖాళీని కళ్ళారా చూడటానికి విశ్వవిద్యాలయం నుంచి తనిఖీ అధికారి భవానీప్రసాద్ గారు విచ్చేశారు. మా కొట్టు ముందు పందిరి వేయించి సభ జరిపాం. ఉత్తమ పాఠకుడిగా వీరరాఘవయ్యకు శాలువా కప్పాం.

"సోదరులారా!" అన్నారు భవానీప్రసాద్ గారు. "చట్టం అలమారాలో ఉంటే అది వెనుకబాటుతనం. చట్టం ప్రతి గృహంలోనూ ఉండాలని మన నాయకులు కలలు కన్నారు. ఆ కలను మీరు నాలుగు వందల పన్నెండు గృహాల్లో నిజం చేశారు! అందుచేత శ్రీ కోటిలింగం గారి ఉద్యోగాన్ని ఈ క్షణంనుంచీ స్థిరపరుస్తున్నాను."

తరవాత వీరరాఘవయ్యను రెండు ముక్కలు చెప్పమన్నారు. "మడత పడకుండా కాపాడుతున్నా. ఇంతవరకూ తెరవలేదు," అని ఆయన వినయంగా కూర్చున్నాడు. చప్పట్లు కొట్టాం.

అప్పుడు ఆడవాళ్ళ వైపునుంచి పున్నమ్మ లేచింది. చేతిలో నోటుబుక్కు ఉంది. "వీలునామా లేకుండా పోయిన తండ్రి ఆస్తి కొడుక్కీ కూతురికీ సమానమని ఇందులో రాసుకున్నా. అయ్యా, నేను సరిగ్గా రాసుకున్నానా?" అని అడిగింది.

"అక్షరాలా అంతేనమ్మా," అన్నారు భవానీప్రసాద్ గారు.

"అది నకలు! అసలు నా దగ్గరుంది!" అని అరిచాడు వీరరాఘవయ్య. సభలో అందరూ ఆయన వాదనలో బలం ఉందనే తలాడించారు. నేనూ ఆడించాను.

పున్నమ్మ దావా వేసింది. కృపారావు గారు ఆమె నోటుబుక్కు ఒక ఆదివారం తెప్పించుకుని, తలుపులు వేసుకుని చదివి, సోమవారం ఎవరినీ ఏమీ అడగనట్టు ఆమె తరఫున వాదించారు. జడ్జిగారి బల్లమీద ఆయన పుస్తకం ఆయనకే ఉందట. రెండెకరాలు పున్నమ్మకు వచ్చాయి. ఆ ఏడు ఆమె పిల్లలు సొంత చేలోనే మిరపకాయలు కోశారు. ఆ కాయలు నేనే కొన్నాను. మంచి రంగు.

తీర్పు మర్నాడే వీరరాఘవయ్య మేడెక్కి పుస్తకం బల్లమీద విసిరికొట్టాడు. "నకలు అంటగట్టి నన్ను ముంచావు గదయ్యా! అసలు నా చెల్లెలికే ఇచ్చుంటావు!" ఆ మాట తెలిసి మిగతావాళ్ళూ మోసపోయామంటూ వరసగా పుస్తకాలు తెచ్చి పడేశారు. ఒక్క పేజీ నలగలేదు. పుస్తకాలన్నీ అలమారాల్లోనే ఉండటానికి సంజాయిషీ కోరుతూ పైనుంచి కోటిలింగానికి కాగితం వచ్చింది. ఉద్యోగం స్థిరపడింది కనుక అతను దాన్నీ ఫైల్లో పెట్టి హాయిగా తుమ్ముకున్నాడు.

వీరరాఘవయ్యలాంటి మూఢులను చూసి మీరు నవ్వుతారని తెలుసు. నేనూ నవ్వాను. నవ్వుతూనే ఆ సాయంత్రం మేడెక్కి, ఆయన విసిరిన పుస్తకం నా పేరున రాయించుకుని, కొట్టులో ఇనప్పెట్టెలో పెట్టి తాళం వేశాను. అసలో నకలో నాకనవసరం. నాకూ ఒక చెల్లెలుంది. పేరు తాయారు, జగ్గయ్యపేటలో ఇచ్చాం. మీ ఇంట్లోనూ ఆడపిల్లలుంటే ముందుగా చెప్పి ఉంచండి, నా తరవాత కోటిలింగం మీ పేరు రాసుకుంటాడు.

మొన్న తాయారు కీసర వెళ్ళి, పున్నమ్మను చూసి, తిరిగి వెళ్తూ మా కొట్టు దగ్గర ఆగింది. మేడను కిందినుంచి పైదాకా ఒకసారి చూసి, "అన్నయ్యా, ఒక నోటుబుక్కు, సిరాబుడ్డీ తెప్పించి పెట్టవూ?" అంది. అత్తగారింటినుంచి నాకు ఉత్తరాలు రాస్తుంది కాబోలనుకుని మంచి రకమే తెప్పించి ఇచ్చాను.